లైవ్ పోకర్ టోర్నీలో ముందు నోరు, తర్వాత చెయ్యి: బెట్టింగ్ నిబంధనలు, టేబుల్ మర్యాద, మధ్యలో జరిగే కంత్రీ పనులు

ఆన్‌లైన్‌లో పోకర్ నేర్చుకున్నవాళ్ళకి ఒక సుఖం ఉండేది. మీ వంతు వచ్చేదాకా బటన్లు పనిచేయవు. కనీసం ఎంత రైజ్ చేయాలో (పందెం పెంచాలో) సాఫ్ట్‌వేరే లెక్కకట్టి చూపిస్తుంది. గెలిచే ముక్కలు మీ దగ్గరున్నాయని మీరు గమనించకపోయినా పాట్ (మధ్యలో పోగైన పందెం మొత్తం) మీ ఖాతాలోనే పడుతుంది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక దేశమంతటా ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు టోర్నీ ఆడాలనుకునే మనవాళ్ళు గోవా క్యాసినోలకి వెళ్తారు, అమెరికాలో ఉంటే లాస్ వేగస్‌కి వెళ్తారు. అక్కడ చిప్స్ (డబ్బుకి బదులు వాడే బిళ్ళలు) చేత్తో తొయ్యాలి, మాట నోటితో చెప్పాలి, ముక్కలు మనమే కాపాడుకోవాలి.

లైవ్ టేబుల్ దగ్గర వచ్చే గొడవల్లో చాలావరకు నోరు చెప్పినదానికీ చెయ్యి చేసినదానికీ తేడా రావడం వల్లే వస్తాయి. ఆ తేడాని వాడుకుని బతికేవాళ్ళు కూడా ఉంటారు. నిబంధనని నేరుగా దాటకుండా, దాని సందుల్లోంచి లాభం పిండుకోవడాన్ని పోకర్‌లో యాంగిల్ షూటింగ్ అంటారు. ఈ మార్గదర్శి రెండు పనులకి: మీరు తెలియక అలాంటి పని చేసి చెడ్డపేరు తెచ్చుకోకుండా ఉండటానికి, ఎవరైనా మీ మీద చేస్తే నిలబడటానికి. ఉదాహరణలన్నీ నో-లిమిట్ హోల్డెమ్‌వి: ఒక్కొక్కరికీ రెండు సొంత ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు, పందేనికి పైపరిమితి లేదు.

1. కూర్చునే ముందు

ప్రపంచంలో చాలా టోర్నీలు పోకర్ టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ నిబంధనలనే పాటిస్తాయి. అందరూ టీడీఏ అంటారు. ఒక్కో క్యాసినోలో ఒక్కో తీర్పు వచ్చే గందరగోళాన్ని తగ్గించడానికి 2001లో మొదలైంది. కింద చెప్పేవి ప్రధానంగా ఆ నిబంధనలే. అయితే వాటి పైన ప్రతి క్యాసినోకీ సొంత నిబంధనలు కొన్ని ఉంటాయి. రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర ఆ షీట్ అడిగి తీసుకోండి. చదివే ఓపిక లేకపోతే కనీసం ఇవి కనుక్కోండి: టేబుల్ మీద గీత ఉంటే, చిప్స్ ఆ గీత దాటితే బెట్ అయినట్టేనా? చిప్స్ పట్టుకుని చెయ్యి ముందుకు కదిపితే చాలా, వదిలితేనే లెక్కా? హ్యాండ్ (ముక్కలు పంచినప్పటి నుంచి పాట్ తేలేదాకా ఒక ఆట) నడుస్తుండగా ఏ భాషలో మాట్లాడవచ్చు? ఫోన్ సంగతేంటి?

మొదటి రెండింటికి చోటును బట్టి జవాబు మారుతుంది. చిప్స్ ముందుకు తోస్తున్నట్టు చేసి, ఎదుటివాడి మొహం చూసి, వెనక్కి లాక్కునేవాళ్ళు బతికేది ఆ తేడా మీదే.

టీడీఏ మొట్టమొదటి నిబంధన కూడా గుర్తుంచుకోండి. ఆట మేలు, న్యాయం ముఖ్యం. అవసరమైతే రాసిన నిబంధనని పక్కనపెట్టి ఇంగితజ్ఞానంతో తీర్పు ఇచ్చే అధికారం ఫ్లోర్‌కి, అంటే గొడవలు తేల్చే టోర్నీ అధికారికి, ఉంటుంది. 'రూల్ బుక్‌లో ఇలా లేదు కదా' అని వాదించే కంత్రీగాడికి అడ్డుకట్ట అదే.

2. బెట్ కట్టడం: మాట, అంకె, ఒక్క తోపు

ఇంట్లో మూడు ముక్కలాట ఆడినవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. "నీ అయిదు వేలూ ఇదిగో... పైన ఇంకో పది వేలు" అంటూ విడతలవారీగా డబ్బు వేస్తారు. పోకర్ టేబుల్ మీద అలా చేస్తే మొదటి మాటతోనే మీ పని అయిపోతుంది. "నీ అయిదు వేలూ ఇదిగో" అన్నారు కాబట్టి అది కాల్, అంటే ఎదుటి పందేనికి సమానంగా వేయడం మాత్రమే. తర్వాత పలికిన పది వేలు చెల్లదు. చిప్స్‌తో అయినా అంతే. మాట చెప్పకుండా కాల్‌కి సరిపడా పెట్టి, మళ్ళీ స్టాక్ (మీ చిప్స్ గుట్ట) దగ్గరికి చెయ్యి వెళ్ళి ఇంకొన్ని తెస్తే అది స్ట్రింగ్ బెట్. దీన్ని ఆపడానికి కారణం ఉంది: మొదటి విడత చిప్స్ చూసి ఎదుటివాడు మొహం చిట్లించాడా, ముక్కలు వదిలేయబోయాడా అని కనిపెట్టి రెండో విడత నిర్ణయించుకోవచ్చు కదా.

కాబట్టి పద్ధతి ఇది. మీ వంతు రాగానే "రైజ్" అనండి. వెంటనే మొత్తం అంకె చెప్పండి: "రైజ్, ఏడు వేల అయిదొందలు". ఆ తర్వాత చిప్స్ ఒక్కసారి ముందుకు తొయ్యండి. మీ వంతులో నోటితో చెప్పిన మాటకి మీరు కట్టుబడాల్సిందే. చిప్స్ తప్పుగా లెక్కపెట్టినా డీలర్ సరిచేస్తాడు, గొడవ ఉండదు.

అంకె పూర్తిగా చెప్పమనడం ఊరికే కాదు. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు) 200-400 ఉన్నప్పుడు "అయిదు" అన్నారనుకోండి. అయిదొందలా, అయిదు వేలా? ఇలా రెండర్థాలు వచ్చే మాటకి టీడీఏ ఒక కొలత పెట్టింది. ఆ బెట్‌కి ముందు పాట్‌లో ఉన్న మొత్తాన్ని మించకుండా ఏది పెద్దదో అదే లెక్క. పాట్ 5,000 కన్నా తక్కువుంటే మీ "అయిదు" 500 అవుతుంది, 5,000 గానీ అంతకు మించిగానీ ఉంటే 5,000 అవుతుంది. నదురు బెదురు లేకుండా పాట్ కన్నా పెద్ద బెట్ కట్టాలని మీరు మనసులో అనుకున్నది ఎవరికీ పట్టదు.

ఇక మాట చెప్పకుండా చిప్స్ వేస్తే ఏమవుతుందో చూద్దాం. కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఒకే ఒక్క పెద్ద చిప్: బ్లైండ్స్ 500-1,000. మీరు నోరు మెదపకుండా 5,000 చిప్ ఒకటి విసిరారు. అది 1,000కి కాల్, మిగతా 4,000 చిల్లర మీకు వెనక్కి వస్తుంది. చిప్ బల్లకి తగలక ముందే "రైజ్" అని మాత్రం అని, అంకె చెప్పకపోతే, అది 5,000కి రైజ్. ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత ఇంకా ఎవరూ బెట్ కట్టనప్పుడు అదే చిప్ నిశ్శబ్దంగా వేస్తే అది 5,000 బెట్. చిప్ వేసి, గుటక మింగి, "నేను రైజ్ అన్నాను కదా" అనేవాళ్ళు ప్రతి గదిలోనూ ఉంటారు. డీలర్‌కి వినపడలేదంటే చెప్పనట్టే.

ఒకే విలువున్న కొన్ని చిప్స్: ఎదుటి బెట్ 1,200. మీరు రెండు 1,000 చిప్స్ వేశారు. అందులో ఒకటి తీసేస్తే మిగిలిన 1,000 కాల్‌కి చాలదు. అంటే రెండూ కాల్ కోసమే వేసినట్టు, కాబట్టి అది కాల్. మూడు వేశారనుకోండి. ఒకటి తీసేసినా 2,000 ఉంటుంది, కాల్‌కి సరిపోతుంది. అప్పుడు అది 3,000కి రైజ్.

సగం నిబంధన: ఎదుటి బెట్ 2,000. కనీస రైజ్ అంటే 4,000కి. మీరు అయిదు 500 చిప్స్ పెట్టారు, మొత్తం 2,500. పైన వేసింది 500 మాత్రమే, కనీస రైజ్‌లో సగం కూడా లేదు. అది కాల్. ఆరు చిప్స్ పెడితే పైన 1,000, సరిగ్గా సగం. అప్పుడు మీరు 4,000 పూర్తిచేసి తీరాలి. వెనక్కి తగ్గే అవకాశం లేదు.

ఈ లెక్కలు తెలిసి కూడా కావాలనే నోరు విప్పకుండా చిప్స్ వేసే రకం ఉంటుంది. గట్టి ముక్కలుంటే 'పొరపాటున' రైజ్ అయిపోతుంది, డీలర్ చెప్పాక తల పట్టుకుంటారు. ఒకసారైతే ఎవరైనా నమ్ముతారు. రెండోసారికి ఫ్లోర్‌కి చెప్పండి.

3. రైజ్ మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుంది

ఇది ఆడినవాళ్ళు కూడా తడబడే చోటు. నిదానంగా చదవండి.

కనీస రైజ్ అంటే ఆ రౌండ్‌లో అంతకుముందు పడిన అతిపెద్ద బెట్ లేదా రైజ్ ఎంతో కనీసం అంత. బ్లైండ్స్ 500-1,000. రవి 3,000కి రైజ్ చేశాడు, అంటే పెంచింది 2,000. తర్వాత ఎవరు పెంచినా కనీసం 5,000కి వెళ్ళాలి. 6,000కి వెళ్ళాలనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. రెట్టింపు చేయాలన్నది వట్టి అపోహ.

ఇప్పుడు సలీం దగ్గర మొత్తం 4,200 మాత్రమే ఉంది, ఆల్-ఇన్ (ఉన్నదంతా పందెం) అన్నాడు. పెంచింది 1,200, పూర్తి రైజ్ కాదు. సునీత ఆ 4,200కి కాల్ చేసింది. మిగతావాళ్ళంతా ఫోల్డ్ అయి (ముక్కలు వదిలేసి), వంతు తిరిగి రవి దగ్గరకి వచ్చిందనుకోండి. రవి ఆ 1,200 వేసి కాల్ చేయవచ్చు, లేదా ఫోల్డ్ చేయవచ్చు. మళ్ళీ రైజ్ చేయడానికి వీల్లేదు. అతని రైజ్ మీద పూర్తి రైజ్ పడలేదు కదా.

కథ కొంచెం మార్చుదాం. సునీత తర్వాత కూర్చున్న జాన్ 5,600తో ఆల్-ఇన్ అన్నాడు. ఇది సలీం మీద 1,400 ఎక్కువ, విడిగా చూస్తే ఇదీ పూర్తి రైజ్ కాదు. కానీ రవి ముందున్న లెక్క వేరు. అతను వేసింది 3,000, ఇప్పుడు ఉన్నది 5,600, తేడా 2,600. అది 2,000 దాటింది కాబట్టి రవికి రైజ్ హక్కు తిరిగి వచ్చింది. రవి కేవలం కాల్ చేస్తే, సునీత సంగతి? ఆమె 4,200 వేసింది, ఆమె ముందున్నది 1,400 మాత్రమే. ఆమెకి కాల్ లేదా ఫోల్డ్, అంతే. చిన్న ఆల్-ఇన్‌లు కలిసి పూర్తి రైజ్ అయ్యాయా లేదా అన్నది ఒక్కొక్క ఆటగాడికీ విడిగా చూడాలి.

ఈ లెక్క తేలకపోతే సిగ్గుపడకుండా డీలర్‌ని "నేను రైజ్ చేయవచ్చా?" అని అడగండి. ఒకటే జాగ్రత్త: అవసరం లేకపోయినా ఈ ప్రశ్న అడిగి, గట్టి ముక్కలున్నట్టు కనిపించి, తర్వాత కాల్ చేసి ఊరుకోవడం కూడా పాత ఎత్తే. ఎవరైనా పదేపదే అలా అడుగుతుంటే గమనించి పెట్టుకోండి.

4. వంతు తప్పితే

మీ వంతు రాకముందే మాట జారితే దాని గతి మీ ముందున్నవాళ్ళ చేతుల్లో ఉంటుంది. మీరు తొందరపడి "రైజ్, ఆరు వేలు" అన్నారు. వంతు వెనక్కి, అసలు ఆడాల్సిన మనిషికి వెళ్తుంది. అతను చెక్ (పందెం కట్టకుండా వంతు వదలడం), కాల్, ఫోల్డ్‌లలో ఏది చేసినా మీ రైజ్ మీ మెడకి చుట్టుకుంటుంది. అతను బెట్ గానీ రైజ్ గానీ చేస్తే పరిస్థితి మారింది కాబట్టి మీ చిప్స్ మీకు తిరిగొస్తాయి, మీరు ఏదైనా చేయవచ్చు.

దీన్నే ఆయుధంగా వాడతారు. చేతిలో పెద్ద జత పెట్టుకుని, ముందువాడిని బెట్ కట్టించడానికి 'పొరపాటున' వంతు తప్పి చెక్ చెప్తారు. లేదా ఎదుటివాడు బెట్ కట్టకుండా ఉండటానికి వంతు తప్పి బెదిరించే రైజ్ చెప్తారు. కావాలని చేశారని తేలితే పెనాల్టీ పడుతుంది.

మిమ్మల్ని దాటుకుని ఆట ముందుకు పోతుంటే వెంటనే "ఆగండి, నా వంతు" అని గట్టిగా అనండి. మొహమాటపడి ఊరుకుంటే మీ హక్కు పోతుంది. మీ తర్వాత ఇద్దరు ఆడేసి, అందులో ఒక్కరైనా పాట్‌లో చిప్స్ పెట్టారంటే, ఆట అప్పటికే ముందుకు సాగిపోయినట్టు లెక్క.

5. ఎదుటి స్టాక్ ఎంత

పెద్ద విలువ చిప్స్ ముందువైపు, అందరికీ కనపడేలా పెట్టాలన్నది నిబంధన. జేబులో పెట్టుకోవడం, టేబుల్ మారేటప్పుడు దాచడం పెద్ద తప్పులు. అయినా చిన్న చిప్స్ గుట్ట వెనక రెండు పెద్ద చిప్స్ నక్కి ఉండటం మామూలే. అలా కనిపిస్తే ఆ హ్యాండ్ మొదలవకముందే "పెద్ద చిప్స్ ముందు పెట్టించండి" అని డీలర్‌తో చెప్పండి. ఇది అమర్యాద కాదు.

ఎవరైనా ఆల్-ఇన్ అంటే, కాల్ చేయాలో వద్దో ఆలోచిస్తున్న మీకు లెక్క అడిగే హక్కు ఉంటుంది. కానీ అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది: లెక్క సరిగా ఉందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత కాల్ చేసేవాడిదే. డీలర్ 14,000 అన్నాడు, మీరు కాల్ అన్నారు, తీరా లెక్కపెడితే 18,000 తేలింది. మామూలుగా మీరు 18,000కీ కట్టుబడాలి. మరీ అన్యాయంగా కనిపిస్తే ఫ్లోర్ తన విచక్షణ వాడవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకుని కాల్ చేయకండి. డీలర్ లెక్కపెడుతుంటే మీ కళ్ళతో మీరూ లెక్కపెట్టండి.

పోటీలో ఉన్న ఒకరి ఆల్-ఇన్‌కి ఎదురుగా ఒక చిప్ మాట లేకుండా విసరడం కూడా కాల్ కిందే లెక్క. 'ఆలోచిస్తూ చేతిలోంచి జారింది' అంటే నడవదు.

6. ముక్కలు చూపించేటప్పుడు

2009 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో ఫిల్ ఐవీ తన దగ్గర ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) ఉందని గమనించక గెలిచే ముక్కలు డీలర్ వైపు విసిరేశాడు. పాట్ ఓడాల్సిన చేతికి పోయింది. ఆ ఏడాది అతను ఫైనల్ టేబుల్‌కి చేరి ఏడో స్థానంలో ముగించాడు. ప్రపంచంలో ఎవరినడిగినా గొప్ప ఆటగాడని చెప్పే మనిషికే అది తప్పలేదు.

కాబట్టి షోడౌన్‌లో మీరు చేయాల్సింది ఒకటే. రెండు ముక్కలూ బల్ల మీద వెల్లకిలా పెట్టండి. డీలర్ చదువుతాడు. మీరు నోటితో ఏం చెప్పారన్నది కాదు, ముక్కలు ఏం చెప్తున్నాయన్నదే లెక్క. వెల్లకిలా పెట్టిన గెలిచే ముక్కలని ఎవరూ రద్దు చేయలేరు.

ఎదుటివాడు "ఫ్లష్" అని ధీమాగా అన్నా, రెండు ముక్కలూ కళ్ళారా చూసేదాకా మీవి వదలకండి. లేని చేతిని చెప్పి ఎదుటివాళ్ళ ముక్కలు పారేయించడం టేబుల్ మీద అన్నిటికన్నా నీచమైన పనుల్లో ఒకటని నా ఉద్దేశం. ఒక ముక్క మాత్రమే చూపించి ఆగినా అంతే, రెండోది అడగండి.

ఎవరు ముందు చూపించాలి? ఆఖరి రౌండ్‌లో చివరిగా బెట్ లేదా రైజ్ చేసినవాళ్ళు. అక్కడ ఎవరూ బెట్ కట్టకపోతే బటన్ (డీలర్ స్థానాన్ని చూపే బిళ్ళ) ఎడమపక్క నుంచి మొదలు. 'నువ్వు చూపించు, నువ్వు చూపించు' అని నిమిషాలు గడపడం కన్నా, గెలిచానని తెలిసినవాళ్ళు ముందే చూపించేస్తే అందరికీ హాయి. ఎవరైనా ఆల్-ఇన్ అయి, ఇక బెట్టింగ్ మిగలకపోతే పాట్‌లో ఉన్నవాళ్ళందరూ వెంటనే ముక్కలు తెరవాలి. కూడబలుక్కున్న ఆటగాళ్ళు ఒకరి చిప్స్ ఇంకొకరికి చేరవేయకుండా ఆపే కిటుకు ఇదే.

స్లో రోల్ అని ఒకటుంది. తిరుగులేని ముక్కలు పెట్టుకుని, కాల్ చేసిన ఎదుటివాడిని గెలిచాననుకునేలా కాసేపు ఆశపెట్టి, నింపాదిగా తెరవడం. దీనికి సాధారణంగా శిక్ష ఉండదు. కానీ ఒక్కసారి చేశారంటే టేబుల్ మొత్తం మీకు వ్యతిరేకం అవుతుంది.

హ్యాండ్ నడుస్తున్నంతసేపూ ముక్కల మీద ఒక చిప్ బరువుగా పెట్టుకోండి. డీలర్ పొరపాటున కాపలా లేని ముక్కలు లాగేసుకుంటే నష్టపరిహారం ఉండదు. మీరు వేసిన బెట్‌ని అప్పటికి ఎవరూ కాల్ చేయకపోతే మాత్రం అది వెనక్కి ఇస్తారు.

7. మాటలు, స్నేహాలు

2006 మెయిన్ ఈవెంట్‌లో 8,773 మంది పోటీపడితే జేమీ గోల్డ్ 1.2 కోట్ల డాలర్లు గెలిచాడు. తన చేతి గురించి నిజమే చెప్తూ ఎదుటివాళ్ళని తికమక పెట్టడం అతని శైలి. 2016లో విలియం కస్సూఫ్ అదే వాగుడుని సాగదీసి, పదేపదే హెచ్చరికలూ పెనాల్టీ తెచ్చుకుని 17వ స్థానంలో బయటకి వెళ్ళాడు. మధ్యలో గీత ఎక్కడుందో హౌస్‌ని (ఆడించే క్యాసినోని) బట్టి మారుతుంది. ఎప్పటికీ మారనివి: పాట్‌లో ఇంకా ఇద్దరో ముగ్గురో ఉండగా మీరు వదిలేసిన ముక్కల గురించి చెప్పకూడదు, వేరేవాళ్ళ చేతికి సలహా ఇవ్వకూడదు. ఫ్లాప్‌లో మూడు ఆసులు పడితే "అయ్యో" అనడం కూడా సమాచారమే.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. గోవాకైనా వేగస్‌కైనా బృందంగా వెళ్తాం. పక్కపక్కన సీట్లు పడితే "బావా, వాడి దగ్గర ఏమీ లేదురా" అని తెలుగులో అనేస్తాం. హౌస్ ఒప్పుకున్న భాష కాకుండా ఇంకో భాషలో హ్యాండ్ మధ్య మాట్లాడితే, విషయం సినిమా గురించైనా సరే, హెచ్చరిక వస్తుంది. ఒక చేతికి ఒకే ఆటగాడు అన్నది గట్టి నిబంధన.

అంతకన్నా పెద్దది స్నేహితుడి మీద మెత్తగా ఆడటం. బావ మీద బెట్ కట్టడం ఎందుకని మంచి ముక్కలున్నా చెక్ చేసుకుంటూ పోతే, ఆ టేబుల్ మీద మిగతా ఏడుగురికీ అన్యాయం చేసినట్టే. రివర్‌లో (బల్ల మీద అయిదో ముక్క పడ్డాక) ఆఖరి వంతు మీది, ఎవరూ కొట్టలేని ముక్కలు మీవి, అయినా చెక్ చేశారు. చాలా చోట్ల అదొక్కటే పెనాల్టీకి చాలు. ఒకరు ఆల్-ఇన్ అయ్యాక మిగిలిన ఇద్దరూ "చెక్ చేసుకుంటూ పోదామా" అని మాట్లాడుకున్నా అంతే.

8. టైమ్

ఆలోచించడం మీ హక్కు. కానీ డబ్బు చేతికొచ్చే స్థానాలు దగ్గరపడ్డాక చెత్త ముక్కలకి కూడా నిమిషాలు తీసుకుని, పక్క టేబుల్ మీద ఎవరైనా పోతారేమోనని ఎదురుచూడటం దొంగ ఎత్తు. దీన్ని ఆపడానికే ఆ దశలో అన్ని టేబుళ్ళూ ఒక్కొక్క హ్యాండ్ కలిసి ఆడేలా చేస్తారు. ఎవరైనా సాగదీస్తుంటే "క్లాక్" అడగవచ్చు. ఫ్లోర్ ఒప్పుకుంటే ఆ ఆటగాడికి 25 సెకన్లు, పైన 5 సెకన్ల లెక్కింపు. ఈలోగా తేల్చకపోతే, బెట్ ఎదురుగా ఉంటే ముక్కలు చెల్లవు, లేకపోతే చెక్ అయినట్టు. నిజంగా కష్టమైన నిర్ణయంలో ఉన్నవాడి మీద పది సెకన్లకే క్లాక్ అడగడం కూడా చెడ్డ పనే.

9. ఫ్లోర్‌ని పిలిచేటప్పుడు

అనుమానం వచ్చిన వెంటనే, తర్వాతి మనిషి ఆడకముందే, "ఆగండి, ఫ్లోర్" అనండి. చిప్స్ ముట్టుకోకండి, మీ ముక్కలు వదలకండి, పాట్ కలిసిపోకుండా చూడండి. ఫ్లోర్ వచ్చాక ముందు డీలర్‌ని చెప్పనివ్వండి. ఆ తర్వాత జరిగింది వరుసలో చెప్పండి: బ్లైండ్స్ ఎంత, ఎవరి వంతు, ఏ మాట అన్నారు, ఏ చిప్ ఎప్పుడు పడింది. 'వీడెప్పుడూ ఇంతే' లాంటి మాటలు మీ వాదనని బలహీనపరుస్తాయి.

ఆలస్యం చేయకండి. డీలర్ తర్వాతి హ్యాండ్ కోసం ముక్కలు కలపడం మొదలుపెట్టగానే, లేదా కలిపే యంత్రం మీట నొక్కగానే, అయిపోయిన హ్యాండ్ మీద ప్రశ్నించే హక్కు పోతుంది. శిక్షలు మామూలుగా నోటి హెచ్చరికతో మొదలై, ఒకటో రెండో హ్యాండ్లు, తర్వాత రౌండ్లు ఆటకి దూరంగా ఉంచడం, చివరికి టోర్నీ నుంచి పంపేయడం దాకా వెళ్తాయి. తప్పు తీవ్రమైతే నేరుగా చివరి మెట్టుకే వెళ్ళవచ్చు.

తీర్పు నచ్చకపోయినా టేబుల్ దగ్గర వాదన సాగదీయకండి, ఫ్లోర్ మాటే చివరిది. బ్రేక్‌లో టోర్నమెంట్ డైరెక్టర్‌ని కలిసి, ఆ నిబంధన హౌస్ షీట్‌లో ఎక్కడుందో చూపించమని అడగండి. ఆ పాట్ తిరిగి రాదు. కానీ అదే మనిషి సాయంత్రానికి మళ్ళీ అదే పని చేస్తే, మీరు చేసిన ఫిర్యాదు వాళ్ళకి గుర్తుంటుంది.